కన్సోల్ కొన్నాక టీవీ కూడా మార్చాలా? గేమ్ మోడ్, 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్, హెచ్‌డీఆర్‌లలో దేనికి ఎంత విలువ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఈమధ్యే ప్లేస్టేషన్ 5 తీసుకున్నారు. ఇంట్లో ఆరేళ్ల నాటి 55 అంగుళాల 4కె టీవీ ఉంది, 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చేది. ఫుట్‌బాల్‌తో పాటు కథ నడిచే ఆటలు కూడా ఆడతారు. ఫుట్‌బాల్ ఆడుతుంటే ఆటగాడు బరువుగా కదులుతున్నట్టు, బటన్ నొక్కాక కాస్త ఆగి పాస్ వెళ్తున్నట్టు అనిపిస్తోంది. తెలిసినవాళ్లంతా హెచ్‌డీఎంఐ 2.1 (కన్సోల్ కేబుల్ పెట్టే పోర్టు కొత్త తరం), 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ (ఆట వేగానికి తగ్గట్టు తెర తన వేగం మార్చుకోవడం) ఉన్న టీవీ లేకపోతే పీఎస్ 5 కొని దండగ అంటున్నారు. నిజంగా మార్చాలా? మారిస్తే ఏం చూసి కొనాలి?

ఇవాళే మార్చకండి. మీరు చెప్పిన ఆ బరువు చాలావరకు టీవీ గేమ్ మోడ్‌లో లేకపోవడం వల్ల వచ్చేదే. దాన్ని సరిచేయడం రెండు నిమిషాల పని. ఆ తర్వాత కూడా మార్చాలనిపిస్తే, చూడాల్సిన వరుస చెప్తాను. మొదట ఇన్‌పుట్ ల్యాగ్, అంటే బటన్ నొక్కాక టీవీ చేసే ఆలస్యం. తర్వాత చీకటినీ వెలుగునూ టీవీ ఎంత బాగా విడదీసి చూపిస్తుందన్నది, అంటే కాంట్రాస్ట్, నిజమైన హెచ్‌డీఆర్ (మామూలు కన్నా ఎక్కువ వెలుగు పరిధితో వచ్చే బొమ్మ). ఆ తర్వాతే 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో రాసే నంబర్లు వీటిలో దేని గురించీ పూర్తి నిజం చెప్పవు.

నేను పన్నెండేళ్లుగా ఇళ్లలో టీవీలు, ప్రొజెక్టర్లు బిగించి, మీటరు పెట్టి రంగులు సరిచేసే పనిలో ఉన్నాను. పని అయ్యాక రాత్రిళ్లు నేనూ కంట్రోలర్ పట్టుకుంటాను. కొత్త టీవీ ఏది కొనాలో చెప్పమని పిలిచి, ఉన్నదాని సెట్టింగులు మార్చగానే ఆ ఆలోచన మానుకున్నవాళ్లు నాకు చాలామందే తెలుసు. అందుకే అక్కణ్నించే మొదలుపెడతాను.

బటన్ నొక్కిన క్షణం నుంచి

బటన్ నొక్కిన క్షణం నుంచి దాని ఫలితం తెర మీద కనబడేదాకా పట్టే సమయంలో టీవీ వాటాను ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. టీవీ తనకు వచ్చిన బొమ్మను వచ్చినట్టే చూపించదు. నాయిస్ తీస్తుంది, అంచులకు పదును పెడుతుంది, రంగులు పెంచుతుంది. అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది కదలికను నునుపు చేసే మోషన్ స్మూతింగ్. రెండు బొమ్మల మధ్య మూడోది కొత్తగా గీయాలంటే రెండో బొమ్మ చేతికి రావాలి కదా. అది వచ్చేదాకా మొదటిదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. సినిమాకి దీనివల్ల ఇబ్బంది లేదు. మాటను కూడా అంతే ఆలస్యం చేసి పెదవులతో కలిపేస్తుంది. ఆట దగ్గరికి వచ్చేసరికి మధ్యలో మీ చెయ్యి ఉంది. చేతిని ఆలస్యం చేసి కలపడం ఏ టీవీ వల్లా కాదు.

సెకనుకి 60 ఫ్రేముల (బొమ్మల) ఆటలో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. స్టాండర్డ్ మోడ్‌లోనో సినిమా మోడ్‌లోనో ఉన్న టీవీ 80, 100 మిల్లీసెకన్లు తీసుకోవడం మామూలే. అంటే మీకు కనిపిస్తున్న ఆట అసలు ఆట కన్నా ఐదారు ఫ్రేములు వెనకుంది. గేమ్ మోడ్‌లో పెడితే టీవీ ఈ పనులన్నీ పక్కనపెట్టి బొమ్మను వీలైనంత నేరుగా తెరకి పంపుతుంది. ఇప్పటి మంచి టీవీల్లో ల్యాగ్ 60 హెర్ట్జ్ దగ్గర 10, 15 మిల్లీసెకన్లకు, 120 దగ్గర ఐదారుకు దిగుతుంది. ఆరేళ్ల నాటి టీవీల్లో కూడా గేమ్ మోడ్‌లో 20కి అటూ ఇటూ ఉండేవి చాలానే ఉన్నాయి. మీది కూడా వాటిలో ఒకటి అయ్యే అవకాశం బాగా ఉంది.

ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరు ఫైటింగ్ గేమ్ ఆడేవారు. తమ్ముడు తన గదిలో మానిటర్ మీద సాధన చేసి, హాల్లో పెద్ద టీవీ ముందుకి వచ్చేసరికి ఓడిపోయేవాడు. అవే బటన్లు, అదే వరుస, దెబ్బ మాత్రం పడదు. లోపం తన చేతిలోనే ఉందనుకుని ఆ అబ్బాయి నిజంగా కుంగిపోయాడు. నా ఫోన్‌ను స్టాండుకి బిగించి, సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అతని బొటనవేలూ వెనక తెరా రెండూ కనబడేలా వీడియో తీశాను. తర్వాత ఫోన్ మధ్యలో పెట్టుకుని ముగ్గురం ఒక్కో ఫ్రేమే జరుపుతూ లెక్కపెట్టాం. వేలు బటన్‌ని అదిమిన ఫ్రేమ్ నుంచి తెర మీద బొమ్మ చెయ్యి లేచిన ఫ్రేమ్ దాకా 34 వచ్చాయి. అంటే 142 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ పెట్టి మళ్లీ తీస్తే 16, అంటే 67. మిగిలిన ఆ 67లో ఎక్కువ భాగం ఆటదీ కంట్రోలర్‌దీ. అది టీవీ మారిస్తే పోయేది కాదు. తగ్గిన 75 మిల్లీసెకన్లు మాత్రం పూర్తిగా టీవీ మింగేస్తున్నవే. నాలుగున్నర ఫ్రేములు! రెండు మూడు ఫ్రేముల సందులో దెబ్బ కొట్టాల్సిన ఆటలో ఆ అబ్బాయి అంతకాలం నిజంగా గతాన్ని చూస్తూ ఆడాడు.

ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. ఒక్కసారి తీసి తేల్చేయకండి. ఐదారుసార్లు తీసి సగటు చూడండి, ఎందుకంటే బటన్ ఫ్రేమ్ మొదట్లో నొక్కారా చివర్లో నొక్కారా అన్నదాన్ని బట్టి లెక్క కొద్దిగా మారుతుంది.

గేమ్ మోడ్ ఎక్కడుంటుందన్నది బ్రాండును బట్టి మారుతుంది. చాలావాటిలో పిక్చర్ మోడ్ జాబితాలోనే ఉంటుంది. ఆ కాలపు శాంసంగ్ టీవీల్లో పిక్చర్ మెనూలో కాకుండా జనరల్ కింద ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్‌లో పెట్టారు, అందుకే చాలామందికి కనబడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఏ హెచ్‌డీఎంఐ పోర్టుకి ఆ పోర్టుకే విడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ చూస్తూ గేమ్ మోడ్ పెట్టేసి, కన్సోల్ ఉన్న పోర్టుని అలాగే వదిలేస్తే ఫలితం ఉండదు. కన్సోల్ ఆన్ చేసి, దాని బొమ్మ తెర మీద ఉండగానే మార్చండి.

కొత్త టీవీల్లో ఏఎల్ఎల్ఎమ్ అనే సదుపాయం ఉంటుంది. ఆట మొదలవగానే కన్సోలే టీవీకి కబురు పంపి గేమ్ మోడ్‌లోకి తెస్తుంది, ఆట ఆపి సినిమా పెడితే వెనక్కి తీసుకెళ్తుంది. ఇది సౌకర్యం మాత్రమే. చేత్తో పెట్టుకున్న గేమ్ మోడ్‌కీ దీనికీ ల్యాగ్‌లో తేడా ఏమీ ఉండదు. దీనికోసం టీవీ మార్చనక్కర్లేదు.

గేమ్ మోడ్ పెట్టగానే బొమ్మ నీలంగా, పేలవంగా ఉందని కొందరు వెంటనే తీసేస్తారు. దయచేసి అలా చేయకండి. కలర్ టెంపరేచర్‌ని వార్మ్ వైపు జరపండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. వీటివల్ల ల్యాగ్ పెరగదు. మోషన్ పేరుతో, నాయిస్ రిడక్షన్ పేరుతో ఉన్నవి మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి.

ఆట వైపు నుంచి వచ్చే బరువు

కథ నడిచే ఆటలు కూడా ఆడతానన్నారు కాబట్టి ఇది చెప్పాలి. చాలా ఆటల్లో క్వాలిటీ, పర్ఫార్మెన్స్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. క్వాలిటీలో సాధారణంగా సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక్కోటి 33.3 మిల్లీసెకన్లు. పర్ఫార్మెన్స్‌లో 60. టీవీ ఎంత చురుగ్గా ఉన్నా 30 ఫ్రేముల ఆట చేతికి బరువుగానే తగులుతుంది. పీఎస్ 5 సెట్టింగుల్లో గేమ్ ప్రీసెట్స్ అని ఉంటుంది, అక్కడ ఒకసారి పర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకుంటే దాన్ని పట్టించుకునే ఆటలన్నీ అలాగే మొదలవుతాయి. నా మటుకు నేను నెమ్మదిగా నడిచే ఆటల్లో కూడా పర్ఫార్మెన్స్‌లోనే ఆడతాను. నీళ్లలో ప్రతిబింబాలు కాస్త తగ్గినా, కెమెరా తిప్పినప్పుడు దృశ్యం చెదరకుండా ఉండటమే నాకు ఎక్కువ.

హెచ్‌డీఎంఐ 2.1 అన్న మాటని ఎంతవరకు నమ్మాలి

2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకి 18 గిగాబిట్లు మోస్తుంది. 4కె 60 హెర్ట్జ్‌కి అది చాలు. 4కెలో 120 హెర్ట్జ్ కావాలంటే చాలదు. 2017లో వచ్చిన 2.1 దాన్ని 48 దాకా పెంచింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కేమిటంటే 2.1లో చెప్పిన సదుపాయాలు చాలావరకు ఐచ్ఛికం. వీఆర్‌ఆర్, ఏఎల్ఎల్ఎమ్, ఈఆర్క్ (శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే దారి) వీటిలో ఒకటో రెండో ఉండి, వేగం పాత 18 గిగాబిట్ల దగ్గరే ఆగిపోయిన పోర్టుని కూడా 2.1 అని రాయొచ్చు. రూల్స్ ప్రకారం అది తప్పు కాదు. కొనేవాడికి మాత్రం అన్యాయమే. అందుకే "2.1 ఉందా?" అని అడగకండి. "4కె 120 హెర్ట్జ్ ఏయే పోర్టుల్లో వస్తుంది? వీఆర్‌ఆర్ ఉందా, ఎంత నుంచి ఎంత దాకా?" అని అడగండి. సమాధానం మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

పోర్టు 40 గిగాబిట్లా 48 గిగాబిట్లా అని వాదించుకునేవాళ్లు కూడా ఉంటారు. పీఎస్ 5 పంపేదే 32 దాకా, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పంపేది 40 దాకా. కాబట్టి కన్సోల్ వాడేవాళ్లకి ఆ వాదనతో పనిలేదు. నింటెండో స్విచ్ 2 అయితే డాక్‌లో 4కె 60 దగ్గరే ఆగుతుంది.

రిఫ్రెష్ రేట్ విషయంలో కూడా ఇలాంటి మాయే ఉంది. మోషన్ రేట్ 240 అనో, ఇంకేదో పేరుతో 800 అనో రాసినవి ప్యానెల్ అసలు వేగం కాదు. లోపల 60 హెర్ట్జ్ ప్యానెల్ ఉన్నవాటి మీద కూడా అలాంటి అంకెలు వేస్తారు. మీరు చూడాల్సింది నేటివ్ రిఫ్రెష్ రేట్ అన్న ఒక్క వరుసే. కొన్ని 60 హెర్ట్జ్ టీవీలు 120 ఇస్తామంటూ, ఆ సమయంలో పై నుంచి కిందికి ఉండే వరుసల వివరాన్ని సగానికి కోసేస్తాయి. ఫుట్‌బాల్ మైదానంలో దూరంగా ఉన్న ఆటగాడి జెర్సీ మీద అంకెలు రంపపు పళ్లలా కనిపిస్తే అదే కారణం కావొచ్చు.

పోర్టుల లెక్క కూడా చూసుకోండి. నాలుగు పోర్టులున్న టీవీల్లో చాలావాటికి రెండే పూర్తి వేగంవి, వాటిలో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టు అయి ఉంటుంది. సౌండ్‌బార్ ఉండి, రెండు కన్సోళ్లు కూడా ఉంటే అప్పుడు చిక్కు. ఒక్క పీఎస్ 5కి ఏ ఇబ్బందీ లేదు.

సరిగ్గా వస్తోందో లేదో కన్సోలే చెప్తుంది

ఒకాయన మంచి ఓలెడ్ టీవీ (వెనక లైటు లేకుండా ప్రతి పిక్సెల్ తానే వెలిగేది) కొని ఎనిమిది నెలలు ఆడాక నన్ను పిలిచాడు. పాత టీవీకీ దీనికీ తనకేం తేడా తెలియట్లేదని బాధ. పీఎస్ 5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్, అక్కడ వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిచాను. రిజల్యూషన్ వరుసలో 3840 × 2160, 60 హెర్ట్జ్ అని ఉంది. కింద హెచ్‌డీఆర్ వరుసలో సపోర్ట్ లేదని ఉంది. అంత ఖరీదైన టీవీ తనకు హెచ్‌డీఆర్ రాదని కన్సోల్‌కి చెప్తోంది! కారణం, టీవీలో ఆ పోర్టు సిగ్నల్ ఫార్మాట్ స్టాండర్డ్‌లో ఉండిపోవడం. సోనీలో దీన్ని హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అంటారు, ఎన్‌హాన్స్‌డ్‌కి మార్చాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్. మార్చగానే తెర ఒక్కక్షణం నల్లబడి తిరిగొచ్చింది, ఆ వరుసల్లో 120 హెర్ట్జ్, హెచ్‌డీఆర్, వీఆర్‌ఆర్ అన్నీ వచ్చి చేరాయి. ఎనిమిది నెలలు ఆయనకి తన టీవీ దొరకనట్టే.

మీ పాత టీవీలో కూడా ఈ సెట్టింగ్ చూడండి. 120 రాదు కానీ హెచ్‌డీఆర్ దాగి ఉండొచ్చు. ఎక్స్‌బాక్స్‌లో ఇదే సమాచారం టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్ కింద 4కె టీవీ డీటెయిల్స్‌లో ఉంటుంది, ఒక్కోదానికి టిక్ మార్కులతో.

కేబుల్ సంగతి క్లుప్తంగా చెప్తాను. పీఎస్ 5, సిరీస్ ఎక్స్ పెట్టెలో వచ్చే కేబుల్ పూర్తి వేగానిదే, దాన్నే వాడండి. పొడవైంది కొనాల్సి వస్తే అల్ట్రా హై స్పీడ్ అన్న లేబుల్, క్యూఆర్ కోడ్ ఉన్నదే తీసుకోండి. గోడలో ఏడు మీటర్ల పాత కేబుల్ దాచిన ఇంట్లో 4కె 120 పెట్టగానే ప్రతి పది నిమిషాలకి తెర రెండు సెకన్లు నల్లబడేది. టీవీ పాడైందని వాళ్లు టెన్షన్ పడ్డారు. పెట్టెలోని కేబుల్‌తో నేరుగా కలిపి గంటసేపు ఆడితే ఒక్కసారి కూడా పోలేదు. అలా నల్లబడటం, తెల్లచుక్కలు మెరవడం దాదాపు ఎప్పుడూ కేబుల్ లక్షణమే.

120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ మీకు ఎంత కావాలి

నిజంగా 120 ఫ్రేములతో నడిచే కన్సోల్ ఆటలు తక్కువే. ఎక్కువగా పోటీ షూటర్లు, కొన్ని రేసింగ్ ఆటలు. ఫుట్‌బాల్, కథల ఆటలు ఆడేవారికి 120 మొదటి కారణం కాకూడదు. అయితే 120 హెర్ట్జ్ ప్యానెల్‌కి ఇంకో ఉపయోగం ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. అది 40 ఫ్రేముల మోడ్. 60 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేములు సమంగా పడవు. ఒక బొమ్మ ఒక్క టిక్కు, తర్వాతది రెండు టిక్కులు ఉండి కుదుపులొస్తాయి. 120లో ప్రతి బొమ్మా సరిగ్గా మూడు టిక్కులుంటుంది. 40 అంటే 30కి కాస్త ఎక్కువే కదా అనుకోకండి. సమయంలో లెక్కేయండి. 30 ఫ్రేములకి 33.3 మిల్లీసెకన్లు, 60కి 16.7, సరిగ్గా మధ్యలో 25. అది 40. క్వాలిటీ మోడ్ అందం దాదాపు అలాగే ఉండి చెయ్యి తేలికవుతుంది. 2021లో రాచెట్ అండ్ క్లాంక్ కొత్త ఆటకి ఈ మోడ్ వచ్చినప్పుడు మొదటిసారి వాడాను. అప్పట్నుంచి ఏ ఆటలో 40 ఉన్నా దాన్నే ముందు పెడతాను.

వీఆర్‌ఆర్ విషయానికొస్తే, మామూలు 60 హెర్ట్జ్ తెర గడియారంలా 16.7 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ అడుగుతుంది. ఆట ఒక్క మిల్లీసెకను ఆలస్యమైనా ఆ టిక్కు తప్పిపోయి, పాత బొమ్మే ఇంకోసారి నిలబడుతుంది. అదే మీకు కుదుపుగా తెలుస్తుంది. లేదంటే పై సగం ఒక బొమ్మ, కింద సగం ఇంకో బొమ్మ అయి తెర చిరిగినట్టు కనిపిస్తుంది. వీఆర్‌ఆర్ ఉంటే తెరే ఆట కోసం ఆగుతుంది. బొమ్మ ఎప్పుడొస్తే అప్పుడు చూపిస్తుంది. 60 దగ్గర నిలబడలేక 52, 57 మధ్య ఊగే ఆటలకి ఇది వరమే.

పీఎస్ 5కి ఇది 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది, పరిధి 48 నుంచి 120 హెర్ట్జ్. 48 కిందకి ఆట పడిపోతే వీఆర్‌ఆర్ పట్టు వదిలేస్తుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్‌లో అలా పడినప్పుడు ఫ్రేమ్‌ని రెట్టించి పరిధిలోనే ఉంచే ఏర్పాటు ఉంది. 60 హెర్ట్జ్ టీవీ మీద వీఆర్‌ఆర్ అని రాసుంటే పీఎస్ 5కి దొరికేది 48 నుంచి 60 దాకా సన్నని సందు మాత్రమే. లేనిదానికన్నా నయం, అంతే. పీఎస్ 5లో సపోర్ట్ లేని ఆటలకి కూడా వీఆర్‌ఆర్ వర్తింపజేసే ఆప్షన్ ఉంది, పాత ఆటలకి పెట్టి చూడండి. ఏదైనా ఆటలో వింతగా ప్రవర్తిస్తే తీసేయండి.

ఒక హెచ్చరిక. ఓలెడ్‌లు, కొన్ని ఎల్‌సీడీలు వీఆర్‌ఆర్‌లో చీకటి దృశ్యాల్లో మిణుకుమంటాయి. ఒక అమ్మాయి తన కొత్త ఓలెడ్‌లో గుహలోకి వెళ్లినప్పుడల్లా గోడలు దీపం రెపరెపలాడినట్టు కదులుతున్నాయని, ప్యానెల్ లోపమని వెనక్కి ఇచ్చేయడానికి సిద్ధపడింది. చూస్తే ఆట ఫ్రేము రేటు ఆ గుహలోనే పైకీ కిందికీ ఊగుతోంది. నలుపుకి దగ్గరి బూడిద రంగులు ఎంత వెలగాలన్నది ఆ ప్యానెల్లో గరిష్ఠ రిఫ్రెష్ రేటుకి కొలిచి పెట్టి ఉంటుంది. రేటు ఊగితే ఆ వెలుగూ ఊగుతుంది. ఆ ఒక్క ఆటకి వీఆర్‌ఆర్ ఆపాం, రెపరెప పోయింది. లోడింగ్ తెరల్లో కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు.

నా దృష్టిలో టీవీ మార్చడానికి అసలైన కారణం హెచ్‌డీఆర్

చీకటి సొరంగంలోంచి బయటికొచ్చినప్పుడు ఎండ నిజంగా కళ్లకి కొట్టడం, రాత్రి వీధిలో దీపం చుట్టూ చీకటి చీకటిగానే ఉండటం, ఇవి 120 హెర్ట్జ్ ఇవ్వలేదు. ప్రతి ఆటలో, ప్రతి నిమిషం కనబడే తేడా ఇది. మీ కాలపు మామూలు 4కె టీవీల్లో చాలావాటికి హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకోవడం తెలుసు, చూపించడానికి వెలుగు లేదు. 300 నిట్ల (వెలుగు కొలత) దగ్గర ఆగిపోయి, వెనక లైటుని భాగాలుగా తగ్గించే లోకల్ డిమ్మింగ్ లేకపోతే, హెచ్‌డీఆర్ పెట్టినప్పుడు బొమ్మ ఇంకా మసకగా కనిపిస్తుంది. మీది అలా ఉంటే మొహమాటం లేకుండా కన్సోల్‌లో హెచ్‌డీఆర్ ఆపేయండి. మంచి ఎస్‌డీఆర్ (హెచ్‌డీఆర్ లేని మామూలు బొమ్మ) చెడ్డ హెచ్‌డీఆర్ కన్నా అందంగా ఉంటుంది.

బాగా చూపించే టీవీ అయితే ఈ మూడూ చేయండి.

కన్సోల్‌లో హెచ్‌డీఆర్‌ని "సపోర్ట్ ఉన్నప్పుడు మాత్రమే" అన్నదానికి పెట్టండి. ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే పాత ఎస్‌డీఆర్ ఆటలు వెలిసిపోయినట్టు కనిపించవచ్చు.

టీవీ గేమ్ మెనూలో హెచ్‌జీఐజీ అన్న ఆప్షన్ ఉంటే ఎంచుకోండి. వెలుగుని తెర హద్దుకి తగ్గట్టు కుదించే పనిని టోన్ మ్యాపింగ్ అంటారు. దాన్ని ఆట ఒకసారి, టీవీ ఇంకోసారి చేస్తే మేఘాల్లో మడతలు పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. హెచ్‌జీఐజీలో టీవీ తన చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

తర్వాత పీఎస్ 5లో అడ్జస్ట్ హెచ్‌డీఆర్ తెరవండి. మూడు తెరలొస్తాయి. మొదటి రెండూ ఎంత వెలుగుదాకా వెళ్లాలో తేలుస్తాయి, మూడోది నలుపు ఎక్కడ మొదలవాలో. తెర మీద సూచన గుర్తు లీలగా కనబడేదాకా అంటుంది. హెచ్‌జీఐజీలో నేను చేసేది వేరు. గుర్తు పూర్తిగా కలిసిపోయేదాకా ఒక్కో నొక్కు పెంచుతాను, కలిసిన ఆ నొక్కు దగ్గరే ఆపేస్తాను. అక్కడ టీవీ హద్దు ముగిసింది, అంతకుమించి పెంచితే మిగతా వివరం తెలుపులో మునిగిపోతుంది. ఎంత నొక్కినా గుర్తు పోవట్లేదంటే టీవీ టోన్ మ్యాపింగ్ ఇంకా నడుస్తోందని అర్థం, వెనక్కెళ్లి మెనూ చూడండి. గది లైటు మీరు మామూలుగా ఆడే వెలుగులోనే ఉంచండి.

హెచ్‌డీఆర్‌లోనే ఇంకో రకమైన డాల్బీ విజన్ సంగతి అడుగుతారేమో. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకి 2021లో ఆటలకీ వచ్చింది. పీఎస్ 5 వాడేది హెచ్‌డీఆర్10. మీరు పీఎస్ 5 కోసమే కొంటే డాల్బీ విజన్ లేదని మంచి టీవీని వదులుకోకండి.

నలుపు గురించి ఒక్కమాట. చీకటి మూలల్లో ఏమీ కనబడకుండా తారు పూసినట్టుంటే, లేదా నలుపు అంతా బూడిదలా ఉంటే, బ్రైట్‌నెస్ ముట్టుకోకముందు కన్సోల్‌లో ఆర్‌జీబీ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా పంపే పరిధి) చూడండి. కన్సోల్ ఫుల్ పంపుతూ టీవీ లిమిటెడ్ అనుకుంటే తారు, తిరగేస్తే బూడిద. రెండింట్లోనూ ఆటో పెడితే చాలావరకు కుదురుతుంది.

కొనాల్సి వస్తే

మీరు ఆడే గదిలో పగలు వెలుగు బాగా ఉంటే ఎక్కువ జోన్లున్న, అంటే వెనక లైటుని ఎక్కువ భాగాలుగా విడివిడిగా తగ్గించగల మినీ ఎల్‌ఈడీ తీసుకోండి. రాత్రిళ్లు మసక వెలుగులో ఆడేవాళ్లైతే ఓలెడ్. పిక్సెల్ రంగు మారే వేగం ఓలెడ్‌లో ఎంత ఎక్కువంటే, వేగంగా పరిగెత్తే ఆటగాడి వెనక ఎల్‌సీడీల్లో కనిపించే మసక తోక దానిలో ఉండదు. దీన్ని రెస్పాన్స్ టైమ్ అంటారు, ఇన్‌పుట్ ల్యాగ్ వేరు. అట్ట మీద రాసేది సాధారణంగా రెస్పాన్స్ టైమ్‌నే, కాబట్టి ఒక మిల్లీసెకను అని చూసి ల్యాగ్ అంతే అనుకోకండి.

ఓలెడ్‌కి బర్న్‌ఇన్ (ఎప్పుడూ ఒకేచోట ఉండే బొమ్మ తెర మీద మచ్చలా మిగిలిపోవడం) భయం అర్థం లేనిది కాదు. స్కోరు పట్టీ ఎప్పుడూ ఒకేచోట ఉండే ఒకే ఆటని రోజుకి ఆరేడు గంటలు, ఏళ్ల తరబడి ఆడేవాళ్లకి నేను ఓలెడ్ చెప్పను. రకరకాలు ఆడేవాళ్లకి భయం లేదు. కానీ రిమోట్‌తో ఆపాక వెంటనే గోడ దగ్గర స్విచ్ కట్టేయకండి. స్టాండ్‌బైలో ఉన్నప్పుడే ప్యానెల్ తన పిక్సెళ్లని సరిచేసుకుంటుంది. కరెంటు తీసేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. నేను చూసిన మచ్చలు పడ్డ ఓలెడ్‌లలో రెండు ఇళ్లలో రోజూ ఇదే జరిగేది.

సైజు మాటకొస్తే, కూర్చునే దూరం తెర కొలతకి ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే 4కె వివరం బాగా తెలుస్తుంది. 55 అంగుళాలకి అది సుమారు రెండు మీటర్లు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు శబ్దాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి ఆటకి కంట్రోలర్ జాక్‌లో తీగది పెట్టుకోవడం మేలు.

ఇవాళ రాత్రి గేమ్ మోడ్ పెట్టి, సిగ్నల్ ఫార్మాట్ మార్చి, రెండు మ్యాచులు ఆడి చూడండి. టీవీ మోడల్ నంబర్ వెనక స్టిక్కరు మీద ఉంటుంది. అదీ, వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్‌లో రిజల్యూషన్, హెచ్‌డీఆర్, కలర్ ఫార్మాట్ వరుసల్లో ఏముందో అదీ ఇక్కడ రాయండి. వీలైతే ఫోన్‌తో లెక్కపెట్టిన ఫ్రేముల సంఖ్య కూడా, గేమ్ మోడ్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత. ఆ రెండు అంకెలూ చూస్తే మీ టీవీని ఇంకొన్నాళ్లు ఉంచుకోవచ్చో లేదో చెప్పగలను.